రెండు పీపాల మంచినీళ్లు

నా సంతకం చూడముచ్చటగా ఉంటుందని నేను పనిచేసిన ఆఫీసులన్నింట్లోనూ పేరు. రంగనాయకులు అని ఆరక్షరాలూ విడివిడిగా, గుండ్రంగా, చివర ‘లు’ కింద చిన్న గీత. ఆ సంతకంతో నేను అరవై ఇళ్ల పాలేనికి తాగే నీళ్లు లేకుండా చేశాను. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఇప్పుడెందుకు అంటున్నానంటే, మొన్న ఎవరో నా గురించి ‘పాపం, చీమకు కూడా హాని చెయ్యని మనిషి’ అన్నారు. ఒళ్లు మండింది.

చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, కావలికి తూర్పున సముద్రం ఒడ్డున మొగలిపాలెం పక్కనే మిలిటరీ క్యాంపు వెలిసింది. నాలుగు వందల మంది జవాన్లు, రేకుల షెడ్లు, గుడారాలు, ముప్పై కంచరగాడిదలు. అందులో నేను స్టోర్సు గుమాస్తాను, యూనిఫారం లేనివాణ్ణి. మా ఊరు కావలికి పడమర. వరి పండించే ఇల్లు మాది. మా నాయన హజరత్తయ్య నన్ను ఎస్సెస్సెల్సీ దాకా చదివించి, “ఇంక నువ్వు బురద తొక్కే పన్లేదురా” అన్నాడు. ఆయన చెప్పినవాటిలో నేను పొల్లుపోకుండా పాటించింది అదొక్కటే.

నాలుగు వందల మంది తిని పారేసేది ఎంత ఉంటుందో ఇంట్లో వండుకునేవాళ్ల ఊహకు అందదు. ఉర్లగడ్డ తొక్కలు, ఎర్రగడ్డ పొట్టు, కాలీఫ్లవరు ఆకులు, మాడిన రొట్టెలు, పులిసిన పప్పు, టీ పిప్పి, దానికి తోడు కంచరగాడిదల పేడ. ఇదంతా రోజూ ఒక లారీకి ఎక్కించి ఉత్తరపు దిబ్బల మధ్య ఒక పల్లంలో కుమ్మరించేవాళ్లు. పది నెలలు తిరగకుండానే ఆ పల్లం నిండి దిబ్బయింది. గాలి అటునుంచి వీస్తే మేజర్‌గారి టేబులు మీద కాగితం కనిపించకుండా ఈగలు వాలేవి. అరవైనాలుగు జనవరిలో ఆయన మ్యాపు పరిచి, దక్షిణం వైపున్న మరో పల్లం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టారు. ఇకమీదట లారీ అక్కడికి పోవాలని చెప్పారు. మ్యాపులో అది ఖాళీ స్థలం.

పాలెంవాళ్లకు అది చెలమల పల్లం. సముద్రానికి రెండు ఫర్లాంగుల దూరంలోనే అయినా, అక్కడ మోచెయ్యి లోతు ఇసుక తీస్తే తియ్యటి నీళ్లు ఊరతాయి. వానాకాలంలో దిబ్బలు తాగి దాచిపెట్టిన నీళ్లవి. ఇంకో మూర లోతుకు పోతే మళ్లీ ఉప్పే. అరవై ఇళ్లకూ అవే నీళ్లు. అవి కాకపోతే రెండు మైళ్లు నడిచి పడమటనున్న రైతుల ఊరికి పోవాలి.

ఆ చెలమలకు వాళ్లు పెట్టుకున్న నియమాలు మా ఇళ్లలో దేవుడి గూటికి కూడా లేవు. బిందె ముంచకూడదు, కొబ్బరి చిప్పతో తోడి పోసుకోవాలి. ఎంగిలి చెయ్యి తగలకూడదు. ఆ నీళ్లతో కాళ్లు కడిగినట్టు తెలిస్తే పాలెం పెద్ద నరసయ్య ముందు నిలబడి తప్పు ఒప్పుకుని గంగమ్మకు కోడిని ఇచ్చుకోవాలి. గిన్నెలు తోమడానికి, చేపలు కడగడానికి, వాకిలి చల్లడానికి, పిల్లల ముడ్డి కడగడానికి అన్నిటికీ ఉప్పుటేటి నీళ్లే. మంచినీళ్లు నోటికి మాత్రమే. ఈ సంగతులు నాకు తర్వాత తెలిశాయని అనుకునేరు. ముందే తెలుసు. చేపలు కొనడానికి పాలెంలోకి పోయినప్పుడల్లా చూసేవాణ్ణి, నవ్వుకునేవాణ్ణి.

పెన్సిలు సున్నా సంగతి పాలేనికి ఎవరు మోశారో గానీ, మర్నాడే పేరమ్మ గేటు దగ్గరికి వచ్చింది. క్యాంపు వంటశాలకు చేపల గంప తెచ్చేది ఆమే. యాభై దాటిన మనిషి, బక్కగా ఉన్నా గంప దించడానికి ఎవరినీ చెయ్యి సాయం అడిగేది కాదు.

“అయ్యా, చెలమల పల్లంలో మీ చెత్త పోస్తారంట. నిజమేనా?” అని అడిగింది.

“దొర నిర్ణయం పేరక్కా. నా చేతుల్లో ఏముంది?”

“దొర యే నీళ్లు తాగతాడు?”

“ట్యాంకరులో వస్తాయి గదా.”

“మాకు ట్యాంకరు రాదు గదయ్యా,” అని, అంతకుమించి ఏమీ అనకుండా అక్కడే నిలబడింది. ఏడ్చినా, తిట్టినా నేను లోపలికి పోయేవాణ్ణే. ఊరికే నిలబడేసరికి నాకు కాలు కదల్లేదు.

నాకు కంపోస్టు ఆలోచన వచ్చింది అప్పుడే. మా ఊరికి సేద్యం సలహాలు చెప్పడానికి వచ్చే సర్కారు గ్రామసేవక్ ఒకసారి నాకొక చిన్న పుస్తకం ఇచ్చాడు. చెత్తను గుంటల్లో పొరలు పొరలుగా వేసి, తడిపి, తిరగేసి ఎరువు చేసే విధానం అందులో బొమ్మలతో సహా ఉంది. ఆ పుస్తకం పట్టుకుని మేజర్‌గారి దగ్గరికి పోయాను. ఆయన ఉత్తరాది మనిషి, పొడగరి, మంచివాడు. చెడ్డవాడై ఉంటే తప్పంతా ఆయన మీదికి నెట్టి నేను హాయిగా ఉండేవాణ్ణి. పుస్తకంలో బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి, మాటలు నా చేత ఇంగ్లీషులో చెప్పించుకుని, చివరికి ఒప్పుకున్నారు.

ఒప్పందం ఇది. సెప్టెంబరు దాకా గడువు. ఆరు గుంటలు తవ్వాలి. వచ్చిన ఎరువుతో క్యాంపు వెనకనున్న అరెకరంలో వంటశాలకు కూరగాయలు పండించాలి. పండితే ఆ పల్లం వైపు లారీ ఎప్పటికీ పోదు. పండకపోతే పోతుంది. నీళ్లు అక్కడ బంగారం కాబట్టి, ట్యాంకరు నుంచి రోజుకు రెండు పీపాలు మాత్రం గుంటలకు ఇస్తారు. ఆ రెండు పీపాలూ గుంటల్లోనే పడ్డాయని రోజూ నేను సంతకం చెయ్యాలి.

పనికి పేరమ్మ వచ్చింది. ఆమె కోడలు నాగులమ్మ వచ్చింది, ఇంకో నలుగురు ఆడవాళ్లు వచ్చారు. చెలమలు నిలబడాలంటే ఈ గుంటలు పండాలని వాళ్లకు నేనే చెప్పాను. ఆ మాట వాళ్ల గుండెల్లో నాటుకుంది. ఊళ్లో ఏ రైతూ తన పొలానికి అంత చాకిరీ చేసి ఉండడు. చెత్తలోంచి గాజుపెంకులూ తగరపు డబ్బాలూ చేత్తో ఏరేవాళ్లు. చెత్త మీద పేడ, పేడ మీద సరుగుడాకు, దాని మీద మట్టి పొరలుగా పరిచేవాళ్లు. కుళ్లిన పప్పులో మోకాళ్ల దాకా దిగి పారలతో తిరగేసేవాళ్లు.

నేను మొదటి రోజు ముక్కుకు జేబురుమాలు కట్టుకుని గట్టు మీద నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. పిడికిట్లో పట్టి పిండితే చుక్క రాలేంత తడి ఉండాలని చెప్పాను. “రోజూ ట్యాంకరోడు రెండు పీపాలు దించి పోతాడు. అయ్యి పొయ్యండి,” అన్నాను.

“ఆ నీళ్లా? దీంట్లోకా?” అంది నాగులమ్మ.

“అవును, దీంట్లోకే.”

అత్తాకోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను చూశాను. చూసి, ఆ వాసనకు తాళలేక వచ్చేశాను. ఆ తర్వాత నెలకోసారి కూడా గుంటల వైపు పోలేదు. ఆఫీసులో కూర్చునే రోజూ పొద్దున సంతకం గీకేవాణ్ణి.

ఆ ఏడు ఎండలు అంతా ఇంతా కాదు. మే నెలకు చెలమల్లో నీళ్లు అడుగంటాయి. ఒక చిప్ప తోడితే మళ్లీ చిప్పెడు ఊరడానికి సేపు పట్టేది. ఆడవాళ్లు బిందెలు వరసగా పెట్టుకుని, వాటి నీడలో పిల్లల్ని పడుకోబెట్టి కూర్చునేవాళ్లు. నేను క్యాంపు వరండాలోంచి ఆ వరస చూస్తూ, ‘పాపం, వీళ్ల కోసం నేను ఎంత పాటుపడుతున్నానో’ అని నా మీద నేనే జాలిపడేవాణ్ణి.

జూన్‌లో మేజర్‌గారు ఎరువు ఎంతవరకు వచ్చిందని అడిగితే తప్పక గుంటల దగ్గరికి పోయాను. పైమట్టి తీస్తే కింద అక్కడక్కడా తెల్లగా పేరుకుని కనిపించింది. నా సంతోషం ఇంతా అంతా కాదు. పుస్తకంలో పద్నాలుగో పేజీలో ఉంది: తెల్లటి బూజు కనబడితే ఎరువు బాగా మాగుతున్నట్టు గుర్తు.

పేరమ్మ పార పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది. “ఈ తెలుపు ఏందయ్యా? మా కుండల కింద ఉప్పు పేరినట్టే ఉండాదే.”

“నీకు ప్రపంచంలో ఉప్పు తప్ప ఇంకోటి కనపడదు పేరక్కా. బూజు అది. మంచిదే. మాగతా ఉండాది.”

“అట్టయితే మంచిదేలే. సదువుకున్నోడివి నీకు తెలవదా,” అని నవ్వింది. పక్కనున్న ఆడవాళ్లు కూడా నవ్వారు. ఆ నవ్వులో ఎంత ధైర్యం ఉందో ఇప్పుడు తెలుస్తోంది. వంగి చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి ఉంటే చాలు. బూజుకూ ఉప్పుకూ తేడా పసిపిల్లలు కూడా చెబుతారు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నన్ను చూసే అని ఉంటారు. నేను వంగలేదు. మేజర్‌గారి దగ్గరికి పోయి బూజు పట్టిందని శుభవార్త చెప్పాను.

ఆగస్టులో గుంటలు తెరిచారు. ఎరువు నల్లగా, పొడిపొడిగా, చూడ్డానికి బాగానే ఉంది. అరెకరంలో మందంగా పరిచి, కావలి నుంచి తెప్పించిన వంగ, బెండ, టమాటా నారు నాటించాం. మొక్కలకు నీళ్లు మాత్రం ట్యాంకరు నుంచి జవాన్లే పట్టారు. నాటిన నాలుగు రోజులు ఆడవాళ్లు ఇళ్లకు పోవడానికి కూడా ఇష్టపడలేదు. నాగులమ్మ ఒక్కో మొక్క పక్కన కూర్చుని ఎండ తగలకుండా మొగలి రెక్కలు గుచ్చింది. అప్పటికే ఆమెకు నెల తప్పి రెండు నెలలయింది.

వారానికి ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. పదో రోజుకు అంచుల నుంచి లోపలికి మాడిపోయాయి. మళ్లీ నారు తెప్పించి నాటాం. రెండోది మొదటిదానికంటే ముందే చచ్చింది.

మా నాయన కొత్త చేను చూడ్డానికి పోతే, ముందు చిటికెడు మట్టి నాలుక మీద వేసుకునేవాడు. చౌడు ఉంటే అక్కడే తుపుక్కున ఉమ్మి, బేరం ఆడకుండా తిరిగి వచ్చేసేవాడు. చిన్నప్పుడు నాకు అది అసహ్యంగా ఉండేది. ఆ రోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు తోటలోకి పోయి, చచ్చిన వంగమొక్క మొదట్లో ఎరువు చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాను. ఊరగాయ జాడీ అడుగు నాకినట్టుంది.

తిన్నగా పాలేనికి నడిచాను. పేరమ్మ వాకిట్లో కూర్చుని చేపలకు ఉప్పు పట్టిస్తోంది. నాగులమ్మ గోడకు ఆనుకుని ఉంది.

“పేరక్కా, గుంటల్లో యే నీళ్లు పోసినారు?” అని అడిగాను.

దాచాలన్న ఆలోచన కూడా లేదామెకు. “ఉప్పుటేటి నీళ్లయ్యా. రోజూ ఆరేసి కడవలు. నువ్వు చెప్పినంత తడీ పెట్టినాం, ఒక్కనాడు తప్పలా.”

“మరి ట్యాంకరు నీళ్లు?”

“ఇళ్లకు తెచ్చుకున్నాం. రెండు పీపాలు మంచినీళ్లు తీసకపోయి ఎంగిలి కూట్లో పోస్తారా ఎవురన్నా? కుళ్లుకు ఉప్పునీళ్లే గదా పోసేది. మే నెల్లో చెలమలు ఎండి బిడ్డలు నాలికలు బయటేసుకుంటా ఉంటే, వాళ్ల కళ్లముందర మంచినీళ్లు చెత్తలో పోసేదానికి చేతులెట్టా వస్తాయయ్యా? గంగమ్మ ఊరుకుంటదా?” అని, నా ముఖం చూసి ఆగింది. “ఏం, తప్పా?”

తప్పే పేరక్కా అనాల్సిన చోటు అది. “ఏం లేదులే. ఊరికే అడిగినా,” అని చెప్పి వచ్చేశాను.

దారి పొడుగునా తిట్టుకున్నాను. మొదట వాళ్లనే తిట్టాను. మూర్ఖులు, చెప్పింది చెయ్యరు, నీళ్లు ఎత్తుకుపోతారు అని. కానీ ఎంత తిట్టినా కోపం అక్కడ నిలబడలేదు. వాళ్లకు ఉప్పునీళ్లు చెడ్డవని తెలిసే అవకాశమే లేదు. వాళ్లెప్పుడూ మొక్క నాటినవాళ్లు కాదు. నేను నాటిన ఇంట్లో పుట్టినవాణ్ణి. ఉప్పు పైరుకు విషమని నాకు ఉగ్గుపాలతో తెలుసు, మంచినీళ్లు వాళ్లు నేలపాలు చెయ్యరని కూడా తెలుసు. ఈ రెండూ తెలిసిన మనిషి ఆ తీరం మొత్తానికి నేనొక్కణ్ణే. రెండింటినీ కలిపి ఆలోచించాల్సిన ఒక్క నిమిషం నేను ముక్కుకు గుడ్డ కట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు మేజర్‌గారు నన్ను తోటలోకి రమ్మన్నారు. చేతికర్రతో ఎండిన మొక్కలను కదిపి చూస్తున్నారు.

“రంగనాయకులూ, నువ్వు రైతు బిడ్డవి. ఇవి ఎందుకు చచ్చాయో నీకేమైనా తెలుసా?” అని ఇంగ్లీషులో అడిగారు. “కారణం తెలిస్తే చెప్పు. కారణమంటూ ఉంటే సరిచేయొచ్చు. ఇంకో ఆరు నెలలు గడువు ఇస్తాను. ఆ పల్లం నింపాలని నాకేమీ సరదా లేదు.”

ఇంతకంటే ఎవరూ అడగలేరు. చెలమలు ఆ క్షణంలో నా నోట్లో ఉన్నాయి.

అంతకు పది రోజుల ముందే కిరసనాయిలు ఎత్తుకుపోయిన డ్రైవరును మిలిటరీవాళ్లు పోలీసులకు పట్టించారు. సర్కారు నీళ్లు దొంగతనం చేశారంటే ఆ ఆరుగురు ఆడవాళ్లకు అదే గతి పట్టొచ్చు. ఇది నిజమే. కానీ నాకు ముందుగా తోచింది ఇది కాదు. రెండు పీపాలూ గుంటల్లోనే పడ్డాయని నేను ఆరు నెలలు రోజూ చేసిన సంతకాలు ముందు తోచాయి. ఉద్యోగం పోయి, మూటతో మా నాయన ముందు నిలబడాల్సి రావడం తోచింది. పేరమ్మ ఆ తర్వాతే తోచింది. ఎన్నో ఏళ్లు నేను ఈ వరస మార్చి, ఆమెను ముందు పెట్టి నాకు నేను చెప్పుకున్నాను.

“నేల మంచిది కాదు సార్,” అన్నాను.

“సముద్రం పక్కన అంతేనేమో,” అన్నారాయన. కర్రకు అంటిన మట్టి దులుపుకుని వెళ్లిపోయారు. నన్ను నమ్మారు. పాలెంవాళ్లకు కూడా నేను అదే మాట చెప్పాను.

సోమవారం పొద్దున లారీ చెలమల పల్లానికి పోయింది. పాలెం పాలెమంతా అక్కడే ఉంది. నేనూ పోయాను. నరసయ్య ఒక్కడే చెలమలోకి దిగి, ఊరినకాడికి చిప్పతో తోడి ఒక కడవ నింపి, దాన్ని ఇంటికొక గ్లాసు చొప్పున పంచమని ఆడవాళ్లకిచ్చాడు. తర్వాత వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. లారీ వెనక్కి పోయి, వెనక తలుపు తీసి కుమ్మరించింది. ఎవరూ అరవలేదు. లారీ వెళ్లాక కూడా చాలాసేపు నిలబడి, ఒక్కొక్కరే ఇళ్లకు పోయారు. పేరమ్మ నా పక్కగా పోతూ ఆగింది.

“నువ్వు మాత్రం ఏం జేస్తావయ్యా. మా కోసం శానా పాటుపడినావు. మా రాత అట్టుంది,” అని నా చెయ్యి పట్టుకుంది. చేపల ఉప్పుకు పగిలిన చేతులు. నేను ఆ చెయ్యి విడిపించుకోవడానికి దగ్గు వచ్చినట్టు నటించాను.

ఆ రోజు నుంచి పాలెం ఆడవాళ్లు పడమటి రైతుల ఊరికి నీళ్లకు పోవడం మొదలుపెట్టారు. ఇసుకలో రెండు మైళ్లు పోను, రెండు మైళ్లు రాను. పోయినా బావి గట్టు ఎక్కనివ్వరు. దూరంగా బిందెలు పెట్టుకుని నిలబడితే, నీళ్లకు వచ్చిన రైతుల ఆడవాళ్లలో ఎవరికైనా దయ పుడితే చేదతో ఎత్తి పోస్తారు. చెలమ దగ్గర ఎవరి దయా అక్కర్లేకుండా బతికిన మనుషులు, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎండలో ‘అమ్మా, అమ్మా’ అని పిలుస్తూ నిలబడేవాళ్లు. ఆ ఊరివాళ్లు రాక్షసులని నేను అనలేను. మా ఊళ్లో మా అమ్మ కూడా అట్లాగే ఎత్తి పోసేది, త్వరగా పట్టుకోండని విసుక్కుంటూ. నాగులమ్మ కడుపుతోనే ఆ నడక నడిచింది. ఐదో నెలలో కడుపు పోయింది. నడక వల్లే అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

అక్టోబరులో వానలు పట్టుకున్నాయి. నవంబరంతా కురిశాయి. చెత్త కింది నుంచి నల్లటి ఊట బయల్దేరి ఆ పల్లం పొడుగునా పాకింది. పక్కన ఎక్కడ తవ్వినా నీళ్లకు అదే వాసన. అదే వాన మా తోట మీద కూడా పడింది. ఉప్పంతా కడుక్కుని ఇసుకలోకి దిగిపోయింది. ఎవరూ విత్తనం వెయ్యలేదు. వంటశాల చెత్తలో వచ్చిన టమాటా గింజలు ఆ ఎరువులో వాటంతటవే మొలిచాయి. నెల తిరిగేసరికి మోకాలెత్తు పెరిగి, పూత పూసి, పిందెలు వేశాయి. అంత పచ్చటి చెట్లు మా నాయన చేలో కూడా చూడలేదు.

డిసెంబరు మొదట్లో ఒకనాడు సాయంత్రం కాబోతుండగా, నేను తోట పక్కగా పోతుంటే పేరమ్మ కనిపించింది. ఖాళీ బిందె కింద పెట్టి, కంచె పట్టుకుని ఆ చెట్లనే చూస్తోంది.

“అయ్యా, ఈ నేల మంచిది గాదన్నావు గదా. మరి ఇయ్యెట్టా మొలిచినాయి?”

వాన బాగా పడింది గదా అని తప్పించుకోవచ్చు. ఆమె నమ్మేది కూడా. ఎందుకో ఆ పూట నా వల్ల కాలేదు. కంచెకు ఇవతల నిలబడి అంతా చెప్పాను. ఉప్పు మొక్కను చంపుతుందని చెప్పాను. ఆ తెలుపు బూజు కాదు, నువ్వన్నట్టు ఉప్పేనని చెప్పాను. మంచినీళ్లు పోసి ఉంటే అప్పుడే ఇట్లా పండేవని, వాన కడిగాక ఇప్పుడు పండాయని చెప్పాను.

ఆమె ఒక టమాటా పిందెను వేలితో తాకి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

“అయితే నేనే జేసినానా,” అంది మెల్లగా. “నా చేతుల్తో నేనే పోసినానే. రోజూ ఆరేసి కడవలు పోస్తిని గదా.”

“నీకు తెలవదు పేరక్కా. నేను చెప్పాల్సింది. తప్పు నాది.”

ఆమె మళ్లీ కంచె పట్టుకుంది. తర్వాత అడిగింది: “ఈ సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?”

“మీ ఇంటికొచ్చి అడిగినాను గదా, ఆ రోజు.”

“అంటే లారీ రాకముందే.”

“ఆ.”

“దొరకి చెప్పినావా?”

తల అడ్డంగా ఊపాను. “చెప్తే మిమ్మల్ని నీళ్ల దొంగలని పట్టుకుంటారని…”

“చెప్పుంటే దొర ఏం జేసుండేవోడు?”

ఇక అబద్ధానికి చోటు లేదు. “ఇంకో ఆరు నెలలు గడువిస్తానన్నాడు.”

పేరమ్మ కంచె మీద నుంచి చెయ్యి తీసింది. నేను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండు అనుకున్నాను. ఆమె గొంతు పెంచలేదు.

“నన్నొక్క మాట అడగాల్సింది గదయ్యా. నేనే పొయ్యి నిలబడుంటాను గదా, ఎత్తకపోయింది నేనేనని. యేస్తే జైల్లో యేసేవోళ్లు. ఒక్కదాన్ని గదా. చెలమలు ఉండేవి.”

నీ కోసమే నోరు మూసుకున్నాను పేరక్కా అనబోయాను. నోటి దాకా వచ్చింది కూడా. ఆమె అప్పటికే నా వైపు చూడడం లేదు. బిందె అడుగున అంటిన తడి ఇసుక చేత్తో తుడిచి, చంకనెత్తుకుని, పడమటి దారి పట్టి వడివడిగా నడిచింది. పొద్దు గూకితే ఆ బావి దగ్గర పోసేవాళ్లు ఉండరు.